బొమ్మ పడకముందే

బందరు కోనేరు సెంటర్లో అద్దె పుస్తకాల కొట్టు నడిపే జగన్మోహనరావుకి ఒక గుణం ఉండేది. ఏదైనా నవల సినిమాగా రాబోతోందన్నా, టీవీ సీరియల్‌గా రాబోతోందన్నా, అది రాకముందే ఎలా ఉంటుందో తేల్చి చెప్పేసేవాడు. వచ్చాక మాత్రం చూసేవాడు కాదు. చూడకుండా ఎలా చెబుతారండీ అని ఎవరైనా అడిగితే, "చూశాక ఎవడైనా చెప్తాడు. దానికి నేనెందుకు?" అనేవాడు.

ఈ తీర్పులన్నీ ముందుగా వినేది భానుమతి. ఆమె ఎస్టీడీ బూత్‌కీ ఆయన కొట్టుకీ మధ్య ఉన్నది చెక్కలతో కొట్టిన గోడ ఒక్కటే. ఆయన అటు దగ్గితే ఇటు వినపడుతుంది. పొద్దున్నే పేపర్లో సినిమా పేజీ తిప్పిన చప్పుడు, తర్వాత ఒక నిట్టూర్పు, ఆ వెంటనే పిలుపు.

"అమ్మాయ్, విన్నావా? ఆ లాయరు నవల సినిమా తీస్తున్నారంట."

"మంచిదేగా బాబాయిగారూ."

"ఏం మంచిది? పుస్తకంలో లాయరుకి బట్టతల. వీళ్లు పెట్టిన హీరోకి నుదురే కనపడదు, అంత జుట్టు. అంత జుట్టున్నవాడు కేసు ఓడిపోతే జాలిపడేదెవరు? పోయింది. సినిమా పోయింది."

"ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టలేదంటగా."

"కొట్టకముందే పోయిందంటున్నాను."

అక్కడితో ఆగితే అది ఆయన సొంత బాధ. ఆగేది కాదు. ఒక కార్డు తీసి నిర్మాతకి రాసేవాడు. రాసింది భానుమతికి చదివి వినిపించేవాడు. ప్రతి కార్డు చివరా ఒకటే ముక్తాయింపు: "ఉన్నది ఉన్నట్టు తీయగలరు. కామా మార్చినా కోర్టుకు రాగలను." జిల్లా కోర్టు రెండు వీధుల అవతలే ఉండటంతో ఆ బెదిరింపు ఆయనకి సుళువుగా వచ్చేది.

ఒకసారి ఎడమకాలు కుంటే కథానాయకుడున్న నవలని సినిమా తీస్తున్నారని తెలిసింది. "ఎడమ కాలు అని మరువరాదు" అంటూ ఏడు కార్డులు వెళ్లాయి. సినిమా వచ్చింది. మొదటి ఆట చూసొచ్చిన సైకిల్ షాపు రాంబాబు తిన్నగా కొట్టుకే వచ్చాడు.

"బాబాయ్, ఇంటర్వెల్ దాకా ఎడమకాలే కుంటాడు. తర్వాత కుడికాలు."

ఆ వారమంతా జగన్మోహనరావు నడకలో హుషారు చూడాలి. పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన వాళ్లందరినీ బల్ల మీద కూర్చోబెట్టి ఇంటర్వెల్ తర్వాతి సంగతి చెప్పాడు. సినిమా చూసొచ్చిన వాళ్లకి కూడా ఆయనే చెప్పాడు.

ఈ తీర్పుల విలువ సరిగ్గా తెలిసినవాడు గుడివాడలో ఒకడున్నాడు. పేరు బంగార్రాజు, అక్కడ సినిమా హాలు నడిపేవాడు. కొత్త బొమ్మ తెచ్చుకునే ముందు బూత్‌కి ఫోను చేసేవాడు.

"చెల్లెమ్మా, మీ బాబాయిగారు దీన్నేమన్నారు?"

"తిట్టారండీ."

"మామూలుగానా, గట్టిగానా?"

"నిన్న మధ్యాహ్నం అన్నం తినలేదండీ."

"అయితే వంద రోజులు ఆడుద్ది. థాంక్సమ్మా."

ఈ ఫోన్ల సంగతి జగన్మోహనరావుకి తెలుసు. "జనం తప్పు చేస్తే పూచీ నాదా?" అని ఊరుకునేవాడు.

తొంభైల చివరికొచ్చేసరికి వీధివీధికీ కేబుల్ తీగలు వచ్చాయి. సాయంత్రాలు నవలల కోసం వచ్చే ఆడవాళ్లు టీవీల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. కొట్టులో పుస్తకాల మీద దుమ్ము పెరిగింది కానీ ఆయనకి పని తగ్గలేదు. టీవీవాళ్లు కూడా నవలల మీద పడ్డారు. "సినిమా అయితే రెండున్నర గంటల్లో చెడగొట్టి వదిలేస్తుంది. వీళ్లు వారం వారం, ఏడాదిన్నర పాటు చెడగొడతారు" అనేవాడు.

అలాంటి రోజుల్లో, తొంభై ఎనిమిదిలో, పేపర్లో ఒక చిన్న వార్త వచ్చింది. 'కలువరేవు' నవలని సీరియల్‌గా తీయబోతున్నారని. ఈసారి ఆయన పిలిచేదాకా భానుమతి ఆగలేదు. పేపరు పట్టుకుని తనే గోడ అవతలికి వెళ్లింది.

'కలువరేవు' డెబ్బై ఏడులో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రచయిత్రి మద్రాసులో ఉండేది. పబ్లిషరుతో ఎక్కడో చెడి, అది పుస్తకంగా రానేలేదు. ఆ కాలంలో సీరియల్ నచ్చితే వారం వారం ఆ పేజీలు చింపి, వరసగా పెట్టి, సూదీదారంతో కుట్టి దాచుకునేవాళ్లు. చుట్టుపక్కల మిగిలిన కుట్టుప్రతి ఒక్కటే, అది జగన్మోహనరావు కొట్టులోది. అందులో ముప్ఫై తర్వాత ముప్ఫై నాలుగో భాగం వస్తుంది. నడుమ మూడూ లేవు. నవంబరు ఉప్పెనకి పోస్టు ఆగిపోయిన మూడు వారాలవి.

సరిగ్గా అక్కడే కథ ఆగింది. ముప్ఫయ్యో భాగం చివర, మర్నాడు ఇష్టంలేని పెళ్లి జరగబోతున్న నళిని వానలో రేవు దగ్గర నిలబడుతుంది. పడవ నడిపే గంగ తాడు విప్పి, "ఎక్కమ్మా" అంటుంది. ముప్ఫై నాలుగులో నళిని రాజమండ్రిలో పంతులమ్మగా పనిచేస్తూ ఉంటుంది. ఆ గాలివానలో ఆమెని అవతలి ఒడ్డుకి చేర్చిన గంగ ఏమైంది? ఆ తర్వాత రచయిత్రి గంగ పేరే ఎత్తలేదు. బెజవాడలోనో ఏలూరులోనో ఆ మూడు వారాలూ చదివినవాళ్లు ఉండే ఉంటారు. కానీ ఇరవై ఏళ్లనాటి సీరియల్లో పడవ నడిపే పిల్లని గుర్తుపెట్టుకున్న వాళ్లెవరు? గుడివాడలో ఒకావిడ గంగకి పెళ్లయిందంది. ఇంకొకావిడ అసలు గంగ ఎవరంది.

భానుమతికి గుర్తుంది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు, దివిసీమలో కోడూరు దగ్గర ఒక ఊళ్లో ఉండేది. పాలకాయతిప్ప వైపు పల్లె నుంచి అంకమ్మ అనే ఆమె గురువారం గురువారం చేపల గంప ఎత్తుకుని వచ్చేది. కూతురు వీరదుర్గ వెంట వచ్చేది. వీరదుర్గకి చదువు రాదు. తల్లి ఊరు తిరిగొచ్చేలోపు భానుమతి చేత ఆ వారం సీరియల్ చదివించుకుని, గుప్పెడు రొయ్యలు అరుగు మీద పెట్టి వెళ్లేది. ముప్ఫయ్యో భాగం విన్నాక లేచి పరికిణీ దులుపుకుంటూ, "గంగకేం కాదు. పడవ తిప్పుకొచ్చేస్తది. వచ్చే వారం నువ్వే చదువుతావుగా, చూడు" అంది.

ఆ వచ్చే వారం రాలేదు. శనివారం ఉప్పెన వచ్చింది. వీరదుర్గ వాళ్ల పల్లెలో మిగిలినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎండుచేపలతో అవనిగడ్డ వెళ్లి అక్కడే చిక్కుపడ్డ అంకమ్మ మిగిలింది. ఆమెతోపాటు వెళ్లిన కొడుకు నాగబాబు మిగిలాడు.

భానుమతి పెళ్లయి బందరు వచ్చిన మొదటి నెలలోనే ఈ కొట్టు వెతుక్కుంటూ వచ్చింది. ఆ మూడు భాగాలూ అడిగింది. "ఆ వారాలు రాలేదమ్మా" అన్నాడు జగన్మోహనరావు. ఎవరి దగ్గరైనా దొరికితే చెప్పమంది. పదిహేనేళ్లుగా అడుగుతూనే ఉంది.

అంకమ్మ ఇప్పుడు గిలకలదిండిలో ఉంటోంది. నాగబాబు కాకినాడలో మరపడవల మీద పని చేస్తాడు. అతనితో మాట్లాడటానికి ఆమె ప్రతి శుక్రవారం బూత్‌కి వస్తుంది. ఫోను పెట్టేశాక, వానలెప్పుడని అడిగినంత మామూలుగా అడుగుతుంది.

"భానమ్మా, ఆ గంగ సంగతేవన్నా తెలిసిందా?"

"ఇంకా లేదు అంకమ్మా."

"మా పిల్ల ఆ రోజు తల దువ్వుకుంటా కతంతా చెప్పింది. గంగ పడవ తిప్పుకొచ్చుద్దంది. అవునో కాదో తెలవాలిగా."

అదే సమయానికి గోడ అవతల జగన్మోహనరావుకి దగ్గు వచ్చేది.

కాబట్టి ఆ పేపరు ఆయన చేతిలో పెట్టి భానుమతి మొహమే చూస్తూ నిలబడింది. బట్టతల గురించో, కాలు గురించో, ఏదో ఒకటి అంటాడని. ఆయన వార్త రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. పేపరు మడిచి ఇచ్చేశాడు.

"చెప్పండి బాబాయిగారూ, ఎలా ఉంటుంది?"

"ఏమో అమ్మాయ్."

ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మధ్యాహ్నం కొట్టు కూడా కట్టేసి వెళ్లిపోయాడు. రాంబాబు జ్వరమనుకుని మాత్ర తీసుకెళ్లాడు. సాయంత్రం గుడివాడ నుంచి ఫోను వచ్చింది.

"చెల్లెమ్మా, మా హాలుకేం సంబంధం లేదనుకో, ఊరికే అడుగుతున్నా. ఆ సీరియల్‌ని ఏమన్నారు?"

"ఏమీ అనలేదండీ."

"ఏమీ అనలేదా?" బంగార్రాజు గొంతు తగ్గించాడు. "ఎవరైనా డాక్టరుకి చూపించకపోయారా?"

పది రోజులకి పేపర్లో ఆ టీవీ కంపెనీ ప్రకటన వేసింది. రచయిత్రి పోయాక ఆమె పెట్టె తెరిస్తే, దాచుకున్న పేజీల్లో కొన్ని చెదలు తిన్నాయట. మిగతావి ఎక్కడెక్కడో సంపాదించారు. మూడు భాగాలు దొరకలేదు, ఉన్నవాళ్లు పంపగలరు అని. ఏ మూడో భానుమతి చదవకుండానే చెప్పగలదు. పేపరు మడిచి ఫోను కింద పెట్టేసింది. ఇన్నాళ్లూ ఎక్కడో ఉన్నాయనుకున్నవి అక్కడా లేవు.

ఆ తర్వాతి శుక్రవారం జగన్మోహనరావు కొత్తగా ప్రవర్తించాడు. అంకమ్మ ఫోను పెట్టేసి బయటికి రాగానే, ఆయన కొట్టు మెట్ల మీద ఆమెని ఆపాడు.

"అంకమ్మా, తూర్పు గాలి మీద కొడుతుంటే, ఒక్క మనిషే ఉంటే, పడవ ఒడ్డుకెలా వస్తుంది?"

"తమరికెందుకు బాబుగారూ?"

"ఊరికే."

"గాలికి ఎదురు పోకూడదండీ. దాని దారిన దాన్ని పోనిచ్చి, ఏటవాలుగా తెడ్డేసుకుంటా, దిగువన ఎక్కడో చోట తగలాల. ఆనక ఒడ్డెంట లాక్కోవాలండీ."

"ఆడపిల్ల లాగగలదా?"

అంకమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "తమరు లాగలేరండీ. ఆడపిల్ల లాగుద్ది."

ఆయన అదంతా కాగితం మీద రాసుకున్నాడు. చేపల పడవ కొంటున్నాడేమోనని రాంబాబు రెండు రోజులు కంగారుపడ్డాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"జగన్మోహనరావుగారున్నారాండీ? హైదరాబాదు నుంచి శ్రీలేఖని. 'కలువరేవు'కి స్క్రిప్టు పని చూస్తానండీ."

"భోజనానికెళ్లారండీ. నాకు చెప్పండి, చెప్తాను."

"ఆయన పంపిన మూడు భాగాలూ అందాయని చెప్పండి. డైరెక్టరుగారు చాలా సంతోషపడ్డారు. పేజీలు పాడైపోయాయని చేత్తో ఎత్తి రాసి పంపారు కదండీ, ఆ అసలు పేజీలు కూడా ఒకసారి పంపితే ఫొటో తీసుకుని తిప్పి పంపేస్తాం. పడవ ఘట్టం అయితే, ఆవిడ రాసినవాటిలోకెల్లా బాగుందండీ."

భానుమతి రిసీవరు పెట్టేసింది. ఆయన వచ్చేదాకా కొట్టు మెట్ల మీదే నిలబడింది.

"ఆ మూడు భాగాలూ మీ దగ్గరున్నాయా బాబాయిగారూ?"

ఆయన జేబులో తాళంచెవి వెతుక్కున్నాడు. కొట్టు తలుపు తీసే ఉంది.

"ఎవరన్నారు?"

"హైదరాబాదువాళ్లు ఫోన్ చేశారు."

"వాళ్లకి ఫోన్లు చేయడమే పని."

"పదిహేనేళ్లుగా అడుగుతున్నానండీ మిమ్మల్ని. అంకమ్మ ప్రతి శుక్రవారం అడుగుతోంది. మీరు అటువైపు కూర్చుని వింటున్నారు."

భానుమతి గొంతు పెరగడం ఆయన అప్పటిదాకా వినలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, పై అరలో నిఘంటువుల వెనక నుంచి ఒక సన్నటి కట్ట తీశాడు. ఆమె చేతికిచ్చాడు.

ఆమె నిలబడే చదివింది. నళిని అవతలి ఒడ్డుకి చేరింది. గంగ తిరిగి వస్తూ మునిగిపోయింది. మధ్యలో రెండు పేజీల నిండా నీళ్లే. మద్రాసులో కూర్చుని రాసిన ఆ రచయిత్రికి, ఇది అచ్చయ్యే వారానికి ఇక్కడ ఏం జరగబోతోందో తెలిసే వీల్లేదు. కథకి గాలివాన కావాల్సి వచ్చింది, రాసింది. బాగా రాసింది. చిక్కంతా అదే.

"డిసెంబరులో పోస్టు కట్ట వచ్చింది" అన్నాడు జగన్మోహనరావు స్టూలు దిగకుండానే. "మీ వైపు నుంచి తీసుకొచ్చిన ఆడవాళ్లని అప్పుడు ఈ వెనక బళ్లో ఉంచారు. పగలంతా ఏం తోచక ఈ మెట్ల మీదికొచ్చి కూర్చునేవాళ్లు. ఏదైనా చదివిపెట్టమనేవాళ్లు. నేనే చదివేవాణ్ణి. ముప్ఫై భాగాలు అయ్యాయి. ముప్ఫై ఒకటి ముందు నేను చూసుకున్నాను." కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆ వారాలు రాలేదమ్మా అన్నాను. ఒకావిడ, గంగ వచ్చేసే ఉంటదిలే అంది. మెట్ల మీద ఉన్నవాళ్లంతా అవునన్నారు. ఆ తర్వాత ఎలా బయటపెట్టను?"

భానుమతి పేజీలు మడిచింది.

"మరి హైదరాబాదు పంపింది?"

"ఎత్తి రాశాను."

"ఇదేనా?"

"ఇదే. కొంచెం తేడా ఉంటే ఉండొచ్చు. దిగువన ఒడ్డు తగిలి, పడవ లాక్కుని వచ్చేసింది."

"కామా మార్చినా కోర్టుకి వస్తానన్నది మీరేగా."

"అది సినిమావాళ్లతో అన్నాను. నేను సినిమావాణ్ణా?"

కోపం నిలబెట్టుకోవడానికి భానుమతి కొంత ప్రయత్నం చేసింది. కుదరక కట్ట ఆయనకి తిరిగిచ్చింది. అసలు పేజీలు చెదలు పట్టి రాలిపోయాయని ఆ సాయంత్రం హైదరాబాదుకి ఫోన్ చేసి ఆమే చెప్పింది.

"ఇంతకీ ఎలా తీస్తారంటారు?" అని అడిగింది తర్వాత.

"ఇంకెలా తీస్తారు, నాశనం చేస్తారు" అన్నాడు ఆయన, పోయిన ప్రాణం తిరిగొచ్చినవాడిలా. "ఉన్నది ఉన్నట్టు తీసే మొహాలేనా అవి?"

సీరియల్ మరుసటి ఏడాది వేసవిలో మొదలైంది, ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి. పడవ ఘట్టం వచ్చేసరికి వానలు పడుతున్నాయి. అంకమ్మ ఆ రోజు నాగబాబుతో రెండు మాటలే మాట్లాడి ఫోను పెట్టేసి, బూత్‌లో భానుమతి పెట్టుకున్న చిన్న టీవీ ముందు కింద కూర్చుంది. ఇంకో నలుగురు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. జగన్మోహనరావు లోపలికి రానన్నాడు. గాలి కోసమని చెప్పి, వీధివైపు కిటికీ బయట టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

గంగ వేషం వేసిన పిల్ల చిన్నది, బక్కగా ఉంది. తెడ్డు పట్టుకోవడం ఎవరో బాగానే నేర్పారు. నళినిని దించింది. వెనక్కి తిరిగింది. గాలి, వాన, ఉరుములు, ఎందుకో ఒక పాట.

"పాటెవడు పెట్టమన్నాడు?" అన్నాడు జగన్మోహనరావు వీధికేసి చూస్తూనే.

పాట అయింది. తెర మీద చీకటి. భానుమతి టీవీని చూడటం మానేసి అంకమ్మ చేతుల్ని చూస్తోంది. అవి ఒడిలో చీరకొంగుని మెలిపెడుతున్నాయి. కాసేపటికి ఆ చేతులు ఆగాయి. తలెత్తితే తెర మీద గంగ మోకాలి లోతు నీళ్లలో పడవని ఒడ్డు వెంట లాక్కొస్తోంది.

అంకమ్మ ఎవరివైపూ చూడలేదు.

"మా పిల్ల చెప్పనే చెప్పింది" అంది.

గంగ రేవులోకి వచ్చింది. పడవ తాడు గుంజకి చుట్టి, ముడేసి, ఇంటికి నడిచింది. అంకమ్మ ఒక్కసారిగా ముందుకి వంగింది.

"ఇదేం ముడి భానమ్మా? ఇట్టా కడితే తెల్లారేసరికి పడవుండదు. ఇంత దూరం లాక్కొచ్చి, ఇట్టాగేనా కట్టేది?"

"నేనన్నానా" అంటూ జగన్మోహనరావు ఇటు తిరిగి కిటికీ ఊచలకి మొహం ఆనించాడు. "నాశనం చేశారు. మరెలా కట్టాలి అంకమ్మా?"

అంకమ్మ లేచింది. కిటికీ బయట ఆయన భుజం మీది కండువా కొస అందుకుని, ఊచ చుట్టూ రెండుసార్లు తిప్పి, ఆ చుట్టు లోపలినుంచి తీసి లాగింది. లాగిన జోరుకి రెండో కొస ఆయన మెడ చుట్టూ చుట్టుకుంటే, దాన్ని కూడా అందులోంచే తీసి బిగించింది.

"ఇట్టాగండీ. ఎంత గాలొచ్చినా ఇది కదల్దు."

"బాగుంది. ఇక విప్పు."

"తెల్లారితేగానీ వదలదండీ బాబుగారూ" అంది అంకమ్మ. మళ్లీ వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

ఆయన గింజుకున్నాడు. ముడి నిజంగానే కదల్లేదు. ఆడవాళ్లు నవ్వారు, అంకమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రకటనలు అయిపోయి కథ మళ్లీ మొదలైంది. గంగ ఇంట్లో పొయ్యి వెలిగించి తల ఆరబెట్టుకుంటోంది.

"కత్తెర తెమ్మంటారా బాబాయిగారూ?" అంటూ భానుమతి కిటికీ దగ్గరికి వచ్చింది.

"కాస్త పక్కకి జరుగమ్మాయ్" అన్నాడు జగన్మోహనరావు. "కనపడటం లేదు."